ఇస్కూలు

ఇంగ్లీషు ఎం.ఏ.లో చేరినవాడికి మొదటి నెలలోనే ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, తప్పులు ఏరడం. 1984లో హైదరాబాదులో చేరిన నాకూ పట్టుకుంది. దాని దెబ్బ మొదట తగిలింది మా నాయినకే.

మాది పూడూరు. అప్పట్లో రంగారెడ్డి జిల్లా. 2016 నుంచి వికారాబాదు జిల్లా. ఒక ఆదివారం నాయిన జొన్నరొట్టెలు, వేయించిన పల్లీలు మూటగట్టుకొని హాస్టలుకు వచ్చాడు. నా మిత్రులు చుట్టూ చేరేసరికి ఆయనకు హుషారు పుట్టింది.

“మావోడు చిన్నగున్నప్పుడు ఇస్కూలుకు పొమ్మంటే కందిచేన్ల దాక్కుంటుండె!”

“ఇస్కూలు కాదు నాయినా, స్కూలు!” అన్నాను.

అందరూ నవ్వారు. కందిచేనుకు నవ్వారో, ఇస్కూలుకు నవ్వారో నాకిప్పటికీ సందేహమే. నాయినకు మాత్రం సందేహం లేకపోయింది. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకొని బస్సుకు వేళయిందని వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆ మాట ఆయన నోట వినలేదు. అవసరం పడితే ‘బడి’ అనేవాడు. లేదా ‘ఆడ’ అనేవాడు.

ఆ పిమ్మట మాకు భాషాశాస్త్రం పాఠాలు మొదలయ్యాయి. మాస్టారు ఒక పలుచని కాగితం ముక్క నోటిముందు పట్టుకొని ‘పిన్’ అనమన్నారు. నా కాగితం కదలలేదు. నోరు అదుపులో ఉందని లోలోపల మురిసిపోయాను కూడా! ఆయన అంటే కాగితం ఎగిరిపడింది. ఇంగ్లీషువాడి పకారానికి మాట మొదట్లో ఊపిరి తోడువస్తుందట. “నీ పిన్ను వాడి చెవికి ‘బిన్’ అని వినబడినా వినబడవచ్చునోయ్” అన్నారు. తరువాత ఆయనే ‘స్పిన్’ అన్నారు. ఈసారి కాగితం కదలలేదు. సకారం వెనుక వచ్చినప్పుడు ఆ ఊపిరి ఉండదు. ‘స్కూలు’లోని కకారమూ అంతే. క, ఖ అని మనం వేరువేరుగా దిద్దుకున్న ధ్వనులను ఇంగ్లీషువాడు పొద్దస్తమానం పలుకుతూనే, రెండూ ఒకటే అనుకుంటాడు!

నేను బల్లమీద కూర్చుని లెక్క వేసుకున్నాను. నాయిన ‘ఇస్కూలు’లో కకారం ఇంగ్లీషువాడి కకారమే. తప్పు పలికింది ‘పిన్’ దగ్గర నేను. ఇక మిగిలింది ముందున్న ఇకారం.

దాని సంగతీ కొన్నాళ్ళకు తేలింది. మాట మొదట్లో రెండు హల్లులు పెనవేసుకుంటే కొందరి నాలుక ఒకదాన్ని వదిలేస్తుంది. స్నానం తానమైంది, స్టేషను టేషనైంది. కొందరి నాలుక ముందొక అచ్చును ఊతగా తెచ్చుకుంటుంది. లాటినులో ‘స్కోలా’ అన్నది స్పెయినులో ‘ఎస్క్వేలా’ అయింది. ఫ్రెంచివాళ్ళది మరీ చిత్రం: సాయానికి వచ్చిన అచ్చు నిలిచింది, సకారమే జారిపోయి ‘ఎకోల్’ మిగిలింది. బస్, కార్ అన్న మాటల చివర ఉకారం తగిలించి బస్సు, కారు అనే మేమంతా చేస్తున్నదీ ఆ జాతి పనే. మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. పరీక్షలో ‘ఇస్కూలు’ అని రాస్తే మార్కులు పోతాయి, అది వేరే సంగతి. మాట ఎలా ఉండాలన్నది కాదు, ఎలా ఉందన్నదే ఈ శాస్త్రం ముందు అడిగే ప్రశ్న.

లైబ్రరీలో భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం చేతికి వచ్చింది. 1962 నాటిది. అన్నీ వ్యవసాయపు మాటలే. ఊరూరా తిరిగి రైతుల నోట విని రాసుకున్నవి. అంత పెద్దవాళ్ళు చెవి ఒగ్గి విన్న నోటిని నేను నలుగురిలో మూయించాను.

సంక్రాంతికి ఊరు వెళ్ళి, చేను గట్టుమీద నాయిన పక్కన చతికిలబడి, స్పెయిను సంగతంతా చెప్పాను. ఆయన కందికాయ ఒలుస్తూ విన్నాడు.

“గా దేశపోళ్లు గూడ గిట్లనే అంటరా?”

“అవును నాయినా.”

“మరి ఆడ గూడ కొడుకులు నవ్వుతరా?”

నేను తలవంచుకున్నాను. ఒలిచిన గింజలు నా చేతిలో పోసి ఆయన లేచిపోయాడు.

మూడోనాడు నన్ను బస్సెక్కించడానికి మన్నెగూడ చౌరస్తా దాకా వచ్చాడు. సంచి కిటికీలోంచి అందించి, కండక్టరు గంట కొట్టాక కేకేసి అడిగాడు:

“మల్ల ఇస్కూలుకు సెలవులు ఎప్పుడిస్తరు బిడ్డా?”