బరువు దించాక

జగ్గయ్యపేటలో ఆ జిమ్ము ఎరువుల కొట్టు మీది మేడలో ఉంది. మెట్లెక్కేదాకా పురుగుమందు వాసన, ఎక్కాక చెమట వాసన. ఆరు కొట్టకముందే పదిమంది కుర్రాళ్లు ఇనుము మోస్తున్నారు. గోడకి హనుమంతుడి పటం, పక్కనే ఎవరో విదేశీ కండలవీరుడి పోస్టరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన మన సిక్కోలు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి బొమ్మ కోసం వెతికాను. లేదు.

వాళ్లెంత ఎత్తుతున్నారో చూద్దామని రాలేదు నేను. దించాక నోట్లో ఏం వేసుకుంటారన్నదే నా ఆరా. డిగ్రీ చదివే కుర్రాడొకడు సంచిలోంచి పొడి డబ్బా తీసి, చెంచాడు నీళ్లలో వేసి గడగడా కలిపాడు.

"అరగంట దాటితే తాగినా దండగే సార్" అన్నాడు, సగం తాగి.

జిమ్ము మాస్టారు తల అడ్డంగా ఊపారు. "పరగడుపున వస్తారండీ. ఆ నీళ్లు తాగి కాలేజీకి పోతారు. మళ్లీ మధ్యాహ్నం దాకా ముద్ద దిగదు."

అసలు తంటా అక్కడే ఉంది. పరగడుపున ఎత్తినవాడు త్వరగా తినడం మంచిదే, కానీ అరగంటకి తలుపేమీ మూసుకుపోదు. బరువుకి నలిగిన కండ మరమ్మతు ఒక రోజంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే సాగుతుంది. కిలో ఒంటి బరువుకి రోజుకి 1.6 గ్రాముల మాంసకృత్తులు అందితే చాలు. ఈ కుర్రాడు 65 కిలోలు. అంటే రోజుకి నూరు గ్రాముల పైచిలుకు, పూటకి ఇరవై తగ్గకుండా. ఆ పొడి మాత్రం ఏమిటి? పాలు విరిచాక మిగిలే తేటలోని మాంసకృత్తులే. చెడ్డది కాదు, ఖరీదైనది. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా జోలికి పోకూడదు.

కిందికి దిగి హోటల్లో పెసరట్టు చెప్పాను. నూరు గ్రాముల పెసల్లో 22 గ్రాములకి పైగా మాంసకృత్తులుంటాయి. ఇంట్లో కాస్త మందంగా రెండట్లు పోసుకుని, గ్లాసుడు గేదె పాలు తాగితే ఆ పూట లెక్క సరిపోయినట్టే. లేదంటే మూడు గుడ్లూ, పాలూ. పిండిలో కలిసే బియ్యమూ వృథా కాదు: పప్పులో కొరవడినది బియ్యంలో, బియ్యంలో కొరవడినది పప్పులో దొరుకుతుంది. నా ముందుకొచ్చిన అట్టు మాత్రం అవతలి మనిషి కనిపించేంత పలచన.

పల్లెవెలుగు ఎక్కి నందిగామ చేరేసరికి ఎండ ముదిరింది. దారి పొడుగునా సిమెంటు లారీలే. అలాంటి ఒక లారీ గోడౌను ముందు ఆగి ఉంది, హమాలీలు దించుతున్నారు. బస్తా 50 కిలోలు. మనిషి నూరు బస్తాలు దించితే అయిదు టన్నులు. జిమ్ములో అద్దం ముందు పన్నెండుసార్లు ఎత్తి ఆయాసపడే కుర్రాడు గుర్తొచ్చాడు.

పని ఆపి నీడకొచ్చారు. ముందు ఉప్పేసిన మజ్జిగ. అది ఏ పుస్తకమూ చూడకుండా చేసిన మంచి పని: చెమటగా కిలో బరువు తగ్గితే లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా నెమ్మదిగా తాగాలి, చెమటతో పోయిన ఉప్పూ తిరిగి రావాలి. తర్వాత కారియర్లు విప్పారు. కొండంత అన్నం, చెంచాడు పప్పు, గోంగూర పచ్చడి.

"గుడ్డు తినరా?" అన్నాను.

"ఆదివారం కోడి ఉందిగా బాబూ" అన్నాడు పెద్దాయన. "సాయంత్రం కాస్త మందు పడితేగానీ ఒళ్లు నొప్పులు పోవు."

నొప్పి తెలియకుండా పోతుంది, కండ మరమ్మతూ మందగిస్తుంది. ఆ మాట చెప్పాను. విన్నట్టే విని పచ్చడి నంజుకున్నాడు. రోజంతా మోసే ఒంటికి అంత అన్నమూ కావాల్సిందే. తక్కువైంది పప్పు. ఆయనకి బలం గురించి పాఠం చెప్పడానికి నేనెవర్ని? కందిపప్పు ధర నాకంటే ఆయనకే బాగా తెలుసు.

పొద్దున చూసిన డబ్బా సంగతీ, దాని ధరా చెప్పాను. వేళ్ల మీద కూలి రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఒక చెయ్యి చాల్లేదు.

"డబ్బా పెద్దదేనా?"

"రెండు కిలోలు పడుతుంది."

"మూత గట్టిగా ఉంటదా?" అన్నాడు, తలగుడ్డ చుట్టుకుంటూ. "ఖాళీ అయ్యాక నాకిమ్మని చెప్పు బాబూ. పప్పులకి పురుగు పడుతోందని మా ఇంట్లో ఒకటే గోల."