412 ఫొటోలు

మిక్సీ, కుక్కరు, వాషింగ్ మెషీను... వీటితో నాకు ఎప్పుడూ పేచీ లేదు. కరెంటు పోయినా తడుముకుని పని కానిచ్చేయగలను. కెమెరా మాత్రం నలభై ఏళ్ళు వచ్చేదాకా ముట్టుకోలేదు. ఫొటోలు తీయడం మగవాళ్ళ పని, వాటిలో కొంగు సర్దుకుని ఓ పక్కగా నిలబడటం మన పని అన్నట్టు గడిచిపోయింది. అలాంటిదాన్ని ఏడాదిగా ప్రతి టోర్నమెంటుకీ మెడలో కెమెరా వేసుకుని తిరుగుతున్నాను. దానివల్ల మా ఇంట్లో ఒక చిన్న గొడవా, ఒక పెద్ద మేలూ జరిగాయి. అదేమిటో చెబుదామనే ఇవాళ కూర్చున్నాను.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. షటిల్ ఆడుతుంది. 2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధు ఆడుతుంటే, మా వారు నాలుగేళ్ళ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూశారు. మొదటి గేమ్ గెలవగానే ఎగిరి గంతేశారు. తర్వాత రెండూ పోయి వెండి పతకం వచ్చినా ఆయన సంబరం తగ్గలేదు. "మనదీ ఆడుతుంది చూడు" అన్నారు. ఏడో ఏట కోచింగులో చేర్చారు. అప్పట్నుంచీ మా ఇంట్లో అలారం నాలుగున్నరకి మోగుతుంది.

ఫొటోల గొడవ మా ఆడపడుచుతో మొదలైంది. "వదినా, పిల్ల ఆడుతున్న ఫొటో ఒక్కటైనా పెట్టవేం?" అని అడిగింది. ఫోనుతో ఓ ఇరవై తీసి పంపాను. "బాగున్నాయి గానీ, ఇందులో మా మేనకోడలు ఎక్కడుంది?" అంది. నిజమే. కోర్టు ఉంది, నెట్ ఉంది, మధ్యలో నీళ్ళలో కలిసిపోయిన రంగులా ఏదో ఉంది. అదే మా అమ్మాయి.

ఆ హాళ్ళు ఎందుకంత మసకగా ఉంటాయా అని మొదట్లో విసుక్కునేదాన్ని. కోచ్‌గారిని అడిగితే తెలిసింది. కాక్ అయిదు గ్రాములకి అటూ ఇటూగా తూగుతుంది. చిన్న గాలికే దారి తప్పుతుంది. అందుకని ఫ్యాన్లు ఆపేస్తారు, కిటికీలు మూసేస్తారు. పైకి చూసినప్పుడు పిల్లల కళ్ళల్లో పడకుండా లైట్లు కోర్టు నడినెత్తిన కాకుండా పక్కలకి పెడతారు. తెల్లటి కాక్ కనపడాలని వెనక గోడకి ముదురు రంగు వేస్తారు. ఇదంతా ఆడేవాళ్ళకి మంచిదే. ఫొటో తీసే అమ్మకే కష్టం.

మా తమ్ముడు కొత్త కెమెరా కొనుక్కుని పాత డీఎస్సెల్లార్ నాకిచ్చాడు. ఫోనులోనే పాఠాలు చెప్పాడు. "అక్కా, లెన్సు రంధ్రాన్ని కిటికీ అనుకో. అదెంత పెద్దదైతే అంత వెలుగు లోపలికొస్తుంది. షట్టరంటే ఆ కిటికీ ఎంతసేపు తెరిచి ఉంచామన్నది. ఎక్కువసేపు తెరిచావా, వెలుగు వస్తుంది గానీ ఈలోపు పిల్ల కదిలిపోతుంది. ఐఎస్ఓ అంటావా, తక్కువ వెలుగునే పెంచి చూపించడం. మరీ పెంచితే ఫొటో గరుకు తేలుతుంది." నాకు వెంటనే అర్థమైంది. పాలు తక్కువైనప్పుడు టీ ఎలా సర్దుతామో ఇదీ అంతే. ఒకటి పెంచితే ఇంకోటి చెడుతుంది. మూడూ చూసుకుంటూ పొయ్యి దగ్గర నిలబడాలి.

మొదటి రోజే పరువు పోయింది. చీకటిగా ఉంది కదా అని కెమెరా దానంతటదే ఫ్లాష్ వేసింది. సర్వీసు చేయబోతున్న అవతలి పిల్ల ఉలిక్కిపడింది. అంపైర్ ఆట ఆపి నా వైపు చూశారు. మా అమ్మాయి తల దించుకుంది. ఆ సాయంత్రం ఆటోలో నాతో మాట్లాడలేదు. ఆ రోజుతో ఫ్లాష్ ఆపేశాను. అసలు గ్యాలరీలోంచి వేసే ఆ చిన్న ఫ్లాష్ కోర్టు మధ్యదాకా సరిగా చేరనే చేరదట. ఫొటోకి లాభం లేదు, పిల్లలకి నష్టం.

కెమెరాతో వచ్చిన మామూలు లెన్సు ఈ చీకటికి చాలలేదు. పోపుల డబ్బా డబ్బులు తీసి సెకండ్ హ్యాండులో 50 ఎంఎం లెన్సు ఒకటి కొన్నాను. దీనికి జూమ్ ఉండదు. దగ్గరికి కావాలంటే మన కాళ్ళే నడవాలి. కానీ దీని కిటికీ 1.8 దాకా తెరుచుకుంటుంది. పాతదాన్ని పూర్తిగా ముందుకు లాగితే 5.6 దగ్గరే ఆగిపోయేది. ఈ లెక్కలో అంకె తగ్గేకొద్దీ కిటికీ పెద్దదవుతుంది. 5.6కీ 1.8కీ తేడా దాదాపు పదింతల వెలుగు. షట్టరు సెకనులో 500వ వంతు, ఐఎస్ఓ 3200 పెట్టాను. మొట్టమొదటిసారి ఫొటోలో మా అమ్మాయి చేతికి అయిదు వేళ్ళూ లెక్కపెట్టగలిగాను. బొంబాయి రవ్వ చల్లినట్టు కాస్త గరుకుగా ఉందనుకోండి. ఉండనివ్వండి. గరుకు ఫొటోలో మనిషి ఉంటుంది, అలుక్కుపోయిన ఫొటోలో ఉండదు.

కాక్ మాత్రం తెల్లటి గీతలాగే పడేది. నా చేతకానితనమేమో అనుకున్నాను. మన అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ 565 కిలోమీటర్ల వేగమని 2023లో గిన్నిస్ రికార్డయింది. ఆ వేగంలో, షట్టరు తెరిచి మూసే ఆ 500వ వంతులోనే కాక్ 30 సెంటీమీటర్లు దాటిపోతుంది. మావాళ్ళది పిల్లల ఆటే అయినా స్మాష్ స్మాషే. అందుకని కాక్ వెంట పడటం మానేసి మొహం వెంట పడ్డాను.

ఇంకో తమాషా. వరసగా మూడు ఫొటోలు తీస్తే ఒకటి తెల్లగా, ఒకటి పసుపు రాసిన పెళ్ళికూతురిలా, ఒకటి దిగులుగా వచ్చేవి. మన కరెంటు వల్ల కొన్ని రకాల లైట్లు సెకనుకి వందసార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయని తమ్ముడు చెప్పాడు. మన కంటికి తెలియదు. షట్టరు వేగంగా పడితే కెమెరాకి తెలిసిపోతుంది. కొత్త కెమెరాల్లో దానికో ఏర్పాటు ఉందట. నా పాతదానికి లేదు. కాబట్టి గుప్పెడు తీసి, అందులో ఒకటి ఏరుకోవడమే నా పద్ధతి.

అలా ఏరుకుంటూ ఉంటేనే అసలు సంగతి కంటబడింది.

మొన్న సంక్రాంతి సెలవుల ముందు అండర్ 13 మ్యాచ్. నేను కోర్టుకి ఎడమ మూలన నిలబడ్డాను. మా వారు కుడివైపు గ్యాలరీలో, ఎప్పుడూ కూర్చునే మూడో మెట్టు మీద. పిల్ల మూడు గేములాడి ఓడిపోయింది. రాత్రి అందరూ పడుకున్నాక ఫొటోలు ముందేసుకున్నాను. మొత్తం 412. పనికిరానివి తీసేద్దామని ఒక్కొక్కటే చూస్తున్నాను.

స్మాష్ కొడుతున్న ఫొటో. కాక్ నెట్‌కి తగిలిన ఫొటో. తర్వాత మొహం కుడివైపు తిప్పేసిన ఫొటో. ఇదెందుకు, తీసేద్దాం అనుకున్నాను. మళ్ళీ నాలుగు ఫొటోల తర్వాత అదే. పాయింట్ పోయింది, మొహం కుడివైపుకి తిరిగింది, గడ్డం కాస్త పైకి లేచింది. మళ్ళీ. మళ్ళీ. పాయింట్ గెలిచినప్పుడు అలా లేదు. తీసేయడం మాని లెక్కపెట్టాను. అలాంటివి 37 ఉన్నాయి.

దేన్ని చూస్తోందో ఆఖర్న ఒక ఫొటో చెప్పింది. నిజానికి అది తప్పిపోయిన ఫొటో. ఫోకస్ పిల్ల మీద పడకుండా వెనక గ్యాలరీ మీద పడింది. మా అమ్మాయి మసకగా, జడ ఒక్కటే కనపడుతూ ఉంది. ఆ జడ వెనక, మూడో మెట్టు మీద, మా వారు స్పష్టంగా ఉన్నారు. నుదురు అరచేత్తో కొట్టుకుంటూ.

ఆయన కోపిష్టి మనిషి కాదు. పిల్లని ఇంతవరకూ ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఓడినా ఐస్‌క్రీం కొనిపెట్టే తండ్రే. కానీ పన్నెండేళ్ళ పిల్ల పాయింట్ పోయిన ప్రతిసారీ తలెత్తి ఆ చెయ్యి చూస్తోంది. చూసి మళ్ళీ సర్వీసు అందుకోవడానికి వెళుతోంది. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళాక ఆయనకి కాఫీ ఇచ్చి లాప్‌టాప్ ముందు పెట్టాను. ఏమీ అనలేదు. 37 ఫొటోలూ వరసగా చూపించి, ఆఖర్న ఆ ఒక్కటీ చూపించాను. "నేనలా అంటానా?" అన్నారు. కాసేపాగి, "నువ్వు ఫొటోలు తీయడానికి వస్తున్నావా, నా మీద కేసు పెట్టడానికి వస్తున్నావా?" అని లేచి వెళ్ళిపోయారు. కాఫీ అలాగే ఉండిపోయింది. రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకో మాట లేదు.

మూడో రోజు ఆయనే పిల్లని అడిగారు. నేను వంటింట్లో చపాతీలు వత్తుతున్నాను. "ఆడేటప్పుడు నా వైపు ఎందుకు చూస్తావు తల్లీ?"

"ఏమో నాన్నా. పాయింట్ పోతే ఎవరో ఒకళ్ళని చూడాలనిపిస్తుంది."

"మరి అమ్మని చూడొచ్చుగా?"

"అమ్మకి మొహం ఉండదు నాన్నా. కెమెరా ఉంటుంది."

చపాతీ కర్ర నా చేతిలో ఆగిపోయింది. ఆయన తప్పు పట్టుకున్నానని రెండు రోజులుగా మనసులో కాస్త గర్వంగా తిరుగుతున్నాను. ఒక మూల చూస్తే నుదురు కొట్టుకునే నాన్న, ఇంకో మూల చూస్తే నల్లటి గాజు కన్ను. పిల్ల పాపం ఎటు చూడాలి? నాన్నైతే కనీసం మొహం ఇచ్చాడు. అందుకే అటు చూసింది.

వంటింట్లోంచి బయటికొచ్చాను. మా వారూ, నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. గొడవ అక్కడితో అయిపోయింది.

పెద్ద తీర్మానాలేం చేసుకోలేదు. పోయిన నెల టోర్నమెంటుకి ఆయన కందిపప్పంత కబురు లేకుండా ఓ పొట్లం వేరుశనక్కాయలు తెచ్చుకున్నారు. ఎందుకండీ అంటే, "చేతులకి పని ఉండాలిగా" అన్నారు. నేను మొదటి గేములో పదకొండు పాయింట్ల విరామం దాకా ఫొటోలు తీసి, తర్వాత మూత పెట్టి కెమెరా ఒళ్ళో పెట్టుకుంటున్నాను. మొదటిసారి అలా పెట్టుకుని కూర్చున్నప్పుడు చేతులు ఊరుకోలేదు. అరగంటలో ఎన్ని మంచి జంపులు పోయాయో. అయినా పిల్ల ఎలా ఆడుతుందో ఆ రోజే చూశాను. సర్వీసుకి ముందు కుడి బూటు రెండుసార్లు నేలకి రాస్తుందని ఏడాదిగా నాకు తెలియదు.

ఆ మ్యాచ్ రెండో గేములో 19 దగ్గర ఒక తేలిక కాక్ నెట్‌కి కొట్టింది. తలెత్తింది. ముందు నాన్న వైపు చూసింది. ఆయన వేరుశనక్కాయ ఒలుస్తున్నారు. తర్వాత నా వైపు తిరిగింది. నేను నవ్వానో లేదో నాకే తెలియదు. మొహం మాత్రం అక్కడే ఉంచాను. అది బూటు రెండుసార్లు రాసి సర్వీసు అందుకోవడానికి వెళ్ళిపోయింది.

మ్యాచ్ ఓడిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆకలేస్తోందని మిగిలిన వేరుశనక్కాయలన్నీ తినేసింది.

ఆ చూపు ఫొటో నా దగ్గర లేదు. మా ఆడపడుచుకి మొదటి గేములోది, గరుకుగా ఉన్నా మొహం తెలిసేది ఒకటి పంపాను. "ఇదుగో, మా మేనకోడలు దొరికింది" అంది.