ఒక్కనాటి విహారం

‘ఆరాంఘర్’ రెండు మాటల కలయిక. ‘ఆరాం’ అంటే విశ్రాంతి. ‘ఘర్’ అంటే ఇల్లు. పేరు విశ్రాంతి గృహమే గాని, హైదరాబాదు నగరానికి దక్షిణపు వాకిలి వంటి ఆ కూడలిలో తీరికగా నిలబడిన మనిషి కనిపించడం అరుదు. కర్నూలు, మహబూబ్‌నగర్ దారిలో వచ్చే బస్సులు శంషాబాదు దాటి నగరంలో ప్రవేశించేది ఇక్కడే. మెహిదీపట్నం నుండి పదకొండున్నర కిలోమీటర్లకు పైగా సాగి వచ్చే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 నుండి ఇక్కడే నేలకు దిగుతున్నది. 2025 జనవరిలో జంతుప్రదర్శనశాల దిక్కు నుండి మరొక పైవంతెన వచ్చి చేరింది. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ బాట మీద వాహనాల తొందర మరింత హెచ్చింది.

వేసవి సెలవులలోను, దసరా సెలవులలోను ఈ కూడలిలో దిగే ప్రయాణికులలో ఒక వర్గాన్ని ఇట్టే గుర్తుపట్టవచ్చు. వారి చేతిలో పెళ్ళికి పోయేవారి పెట్టె ఉండదు, ఆసుపత్రికి పోయేవారి కాగితాల సంచి ఉండదు. పిల్లల ముఖాలలో వెలుగు ఉంటుంది, తండ్రి ముఖంలో లెక్క ఉంటుంది. వారు విహారానికి వచ్చినవారు. కొందరు చాంద్రాయణగుట్ట మీదుగా శ్రీశైలం రహదారి పట్టి రావిర్యాలలోని వండర్‌లాకు వెళతారు. కొందరు ఎల్.బి. నగర్ చేరి విజయవాడ దారిలో రామోజీ ఫిల్మ్ సిటీకి ప్రయాణమవుతారు. చేతిలో పైకం తక్కువైనవారు దగ్గరలోనే ఉన్న నెహ్రూ జంతుప్రదర్శనశాల వైపు తిరుగుతారు.

వేడుక చూడడానికి వెల చెల్లించడం తెలుగువారికి కొత్త కాదు. ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ ఒక పగలంతా ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. పొట్టేళ్ళ పోరు, కోడిపందెం చూస్తారు. పూటకూళ్ళ ఇంట భోజనం ఎలా ఉంటుందో చెబుతూ కవి వంటకాల రుచితో ఊరుకోలేదు. వెల ఒక రూక అని కూడా పేర్కొన్నాడు. విహారంలో ఖర్చు కూడా వర్ణనకు తగిన వస్తువేనని ఆ కవి గ్రహించాడు. తరువాతి కాలపు పండితులు ఆ పద్యంలో వంటకాలను చూసినంత శ్రద్ధగా వెలను చూడలేదు. అది వేరే సంగతి.

జాతరలో గాని, తిరునాళ్ళలో గాని ఖర్చు మనిషి అదుపులోనే ఉంటుంది. రంగులరాట్నం ఒకసారి ఎక్కితే ఒకసారికే డబ్బు. 1938లో మొదలై నేటికీ ప్రతి జనవరిలో నాంపల్లిలో సాగే నుమాయిష్‌లోను ఇదే పద్ధతి. ప్రవేశానికి కొద్ది రుసుము, ఆటకు వేరే రుసుము. జేబు తడుముకుంటూ, పిల్లల చేయి పట్టి వెనక్కి లాగుతూ ఎంతలో ముగించాలో అంతలో ముగించవచ్చు. 1955లో అమెరికాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు అక్కడ కూడా ఆట ఆటకు టికెట్టు ఉండేది. 1982లో ఆ పద్ధతిని ఎత్తివేసి, ఒకే టికెట్టుతో రోజంతా ఎన్ని ఆటలైనా ఆడుకొనే విధానాన్ని స్థిరపరచారు. నేటి పార్కులు అనేకం ఆ బాటనే నడుస్తున్నాయి. 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలై, 2005లో బెంగళూరుకు విస్తరించి, 2016 ఏప్రిల్‌లో రావిర్యాలకు వచ్చిన వండర్‌లా కూడా అదే విధానాన్ని అనుసరించింది.

ఈ ఒక్క మార్పు విహారపు స్వభావాన్నే మార్చివేసింది. డబ్బంతా ద్వారం దగ్గరే చెల్లిపోతుంది గనుక, లోపలికి వెళ్ళిన తరువాత ‘గిట్టుబాటు’ అనే చింత మొదలవుతుంది. టికెట్టు వెయ్యి రూపాయలు అనుకుందాం. అయిదు ఆటలు ఆడితే ఆటకు రెండు వందలు పడినట్లు. ఇరవై ఆడితే యాభై. ఈ భాగహారం చేస్తూ, కడుపులో తిప్పుతున్నా పిల్లలను మరొక ఊయల మీదికి తరిమే తండ్రులు ఉన్నారు. “పైసలు కట్టినం, ఎక్కు బిడ్డా” అనే మాట ఆ ఆవరణలో తరచుగా వినిపిస్తుంది. చెల్లించిన డబ్బు తిరిగి రాదు. తలనొప్పి మాత్రం ఇంటిదాకా వస్తుంది.

ఆ వెయ్యి రూపాయల మీద పన్ను మరొక 180 రూపాయలు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఇటువంటి పార్కుల మీద 28 శాతం విధించారు. 2018 జనవరిలో దానిని 18 శాతానికి తగ్గించారు. జంతుప్రదర్శనశాలల ప్రవేశ రుసుముకు ఈ పన్ను లేదు. అందుచేత అయిదుగురు గల ఇంటికి పులిని చూడడానికీ, నీటి జారుడుబల్ల ఎక్కడానికీ మధ్య వెలలో గల అంతరం చాలా పెద్దది. 1963లో ప్రజల కోసం తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల 380 ఎకరాలలో, మీర్ ఆలం చెరువు పక్కన విస్తరించి ఉన్నది. నడవగలిగిన కాళ్ళు ఉంటే ఒక పగలు చాలదు. సోమవారం సెలవన్న సంగతి తెలియక దూరం నుండి వచ్చి, మూసిన ద్వారం చూసి, ఆ కోపంలో ఎక్కువ ఖర్చయ్యే చోటికి బయలుదేరే కుటుంబాలూ ఉంటాయి.

వినోదపు పార్కు ద్వారం దగ్గర ఒక విచిత్రమైన కొలత ఉంటుంది. పిల్లల టికెట్టుకు వయస్సు ప్రమాణం కాదు, ఎత్తు ప్రమాణం. 140 సెంటీమీటర్ల గీత దాటినవారు పెద్దవారు. పాలమూరు నుండి వచ్చిన ఒక కుటుంబంలో పదకొండేళ్ళ బాలుడు ఆ గీత దగ్గర నిలబడ్డాడు. తండ్రి వెనుక నుండి మెల్లగా “జర మోకాళ్ళు వంచు కొడుకా” అన్నాడు. తల్లి ఆ మాట విన్నది. “సీదా నిలబడు” అన్నది. బాలుడు ఇద్దరి ముఖాలూ చూసి, తల్లి మాట విని, ఆ రోజు పెద్దవాడయ్యాడు. తండ్రికి మూడు నాలుగు వందలు పోయినట్లనిపించింది. అయితే లోపల ఉద్ధృతమైన ఆటల దగ్గర మళ్ళీ ఇటువంటి కొలబద్దే ఎదురయింది. అక్కడ గీతకు తక్కువ ఉన్నవారిని ఎక్కనివ్వరు. ద్వారం దగ్గర మోకాళ్ళు వంచి ప్రవేశించిన మరొక పిల్లవాడు ఇక్కడ మునికాళ్ళ మీద లేచి నిలబడవలసి వచ్చింది. ఒకే దేహాన్ని ఉదయం కుదించి మధ్యాహ్నం సాగదీసే ఈ అవస్థ చూసి ఆ తల్లి నవ్వాపుకోలేకపోయింది.

ఖర్చు తగ్గించుకొనే ఉపాయాలను కుటుంబాలు ఒకరి నుండి ఒకరు నేర్చుకుంటాయి. సెలవు దినాలలో కంటె మామూలు రోజులలో టికెట్టు చౌక. వరుసలు కూడా చిన్నవి. కళాశాల గుర్తింపు కార్డు ఉన్న విద్యార్థులకు తగ్గింపు ఇవ్వడం కద్దు. ఇంటర్మీడియట్ చదివే అక్క తన కార్డును ఇంట్లో మరచి వచ్చిందని తెలిసిన క్షణాన తమ్ముడు ఆమెను చూసే చూపు చెప్పనలవి కాదు. ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్టు కొన్నవారికి కొంత కలిసి వస్తుంది. నీటి ఆటలకు నూలు బట్టలను అనుమతించరు. నైలాన్ బట్టలు కావాలి. అవి ఊరి అంగడిలో కొనుక్కొని వచ్చినవారికీ, లోపల కొన్నవారికీ ఖర్చులో తేడా కనిపిస్తుంది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం ఉన్నందువల్ల, మహబూబ్‌నగర్ నుండి వచ్చే ఇంటిలో తల్లికి, కూతురికి, నాయనమ్మకు దారిఖర్చు లేదు. సొంత కారులో వచ్చినవారు ఇంధనానికీ, అవుటర్ రింగ్ రోడ్డు రుసుముకూ, వాహనం నిలిపే చోటుకూ చెల్లించి, ఆ మొత్తం చూసుకొని విస్తుపోతారు.

నాయనమ్మ ప్రస్తావన వచ్చింది గనుక ఆమె సంగతి కొంత చెప్పుకోవాలి. ఇటువంటి విహారాలలో ఆమె పాత్ర ఒకటే: సంచుల కాపలా. ఆమె ఊయల ఎక్కదు, నీటిలో దిగదు. కాని ద్వారంలో ఆమెకూ టికెట్టే. పెద్ద వయస్సువారికిచ్చే తగ్గింపు పోను మిగిలినదీ తక్కువేమీ కాదు. సామాను పెట్టుకోవడానికి అద్దె పెట్టెలు ఉంటాయి. వాటి అద్దె ఎందుకు దండుగ అని, ఆ అద్దెకు ఎన్నో రెట్లు చెల్లించి తెచ్చిన ముసలామెను చెట్టు నీడన సంచుల మధ్య కూర్చోబెడతారు. ఇందులో ఆదా ఏమిటో ఎవ్వరూ అడగరు. ఒక ఇంటిలో మాత్రం కోడలు అడిగింది. పెట్టెను అద్దెకు తీసుకొని, “అత్తమ్మా, నీళ్ళల్ల కాళ్ళన్నా పెట్టు రా” అని ఆమెను అలల కొలనుకు తీసుకుపోయింది. ముసలామె మోకాలిలోతు నీటిలో నిలబడి అల వచ్చిన ప్రతిసారి కోడలి భుజం గట్టిగా పట్టుకున్నది. మోటారు ఆగి అలలు నిలిచిపోయినప్పుడు “మళ్ళ ఎప్పుడొస్తయి?” అని అడిగింది. టికెట్టు వసూలయిందా లేదా అన్నది ఆమె లెక్కలో లేదు.

మైలార్‌దేవ్‌పల్లిలో ఆటో నడిపే ఒక తండ్రి లెక్క వేరు. అతని వద్ద ముగ్గురికి సరిపడే సొమ్ము ఉంది, ఇంటిలో నలుగురు. భార్యను, ఇద్దరు ఆడపిల్లలను లోపలికి పంపి, తాను బయట ఆటోలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఉండమని, అన్నీ ఎక్కి రమ్మని మరీ మరీ చెప్పాడు. మూడు గంటలు కొట్టకముందే ముగ్గురూ బయటికి వచ్చేశారు. ఎన్ని ఎక్కారని అడిగితే, పెద్దపిల్ల నాలుగు అన్నది. ముప్పైకి పైగా ఆటలున్న చోట నాలుగేనా అని అతడు చిరాకుపడ్డాడు. “పైనుంచి చూస్తే నువ్వు కనపడ్డవ్ నాయనా” అన్నది చిన్నపిల్ల. అతడు మారుమాట లేకుండా ఆటో తీశాడు. భాగహారం ప్రకారం ఆ రోజు వారికి ఒక్కొక్క ఆట చాలా ప్రియమయింది.

వరుసలలో నిలబడడం మరొక అనుభవం. అధిక మూల్యం చెల్లించినవారికి వేరే వరుస, త్వరిత ప్రవేశం ఉంటాయి. గంటసేపు ఎండలో నిలబడిన పిల్లవాడు, పక్క వరుసలో వచ్చినవాడు నేరుగా వెళ్ళి కూర్చోవడం చూసి కారణం అడుగుతాడు. ఈ ప్రశ్నకు తడుముకోకుండా సమాధానం చెప్పగల తల్లిదండ్రులు తక్కువ. తిరుమలలో మూడు వందల రూపాయల దర్శనం ఎరిగిన పెద్దలకు ఈ ఏర్పాటు వింతగా తోచదు. ప్రశ్న పిల్లవాడిదే.

రామోజీ ఫిల్మ్ సిటీలో ఖర్చు తీరు మరొక విధం. 1996లో రామోజీరావు నెలకొల్పిన ఈ చిత్రనగరం 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోనే పెద్ద చిత్రనిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ గ్రంథానికి ఎక్కింది. కాలినడకన తిరగడం సాధ్యం కాదు. ఆవరణలో తిప్పే బస్సులు టికెట్టులో భాగమే. లోపలే సితార, తార వంటి హోటళ్ళు ఉన్నాయి. రాత్రి బస చేసేవారికి అలసట తక్కువ, ఖర్చు ఎక్కువ. మధ్యతరగతి కుటుంబాలు హయత్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో బంధువుల ఇంట దిగి తెల్లవారి వెళతాయి. ఆ బంధువుల పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళకపోతే మర్యాద కాదు. వెంటబెట్టుకొని వెళితే లాడ్జి అద్దె కంటె టికెట్ల ఖర్చే పెరుగుతుంది. తెలుగు ఇళ్ళలో చుట్టరికం ఎన్నడూ ఉచితం కాదు. అయినా రాత్రి ఆ ఇంటి డాబా మీద పది మంది పిల్లలు వరుసగా పడుకొని, చూసి వచ్చిన రాజమహల్ వెనుక అట్టముక్కలు, కర్రలు ఉన్నాయని నవ్వుకోవడం ఏ హోటలులోనూ దొరకదు.

శంషాబాదులో విమానమెక్కి అమెరికాలోని బిడ్డల ఇళ్ళకు వెళ్ళే తల్లిదండ్రులు ఇటీవల ఈ కథకు మరొక అధ్యాయం చేర్చారు. 1971లో ఫ్లోరిడాలో మొదలైన వాల్ట్ డిస్నీ వరల్డ్ వారి యాత్రలలో తప్పనిసరి మజిలీ అయింది. అక్కడ ఎత్తు కాదు, వయస్సే లెక్క. మూడేళ్ళ లోపు బిడ్డకు టికెట్టు లేదు. పది నిండితే పెద్దవారితో సమానం. అందుచేత బిడ్డ మూడవ పుట్టినరోజుకు నెల ముందే యాత్ర పెట్టుకొనే తెలుగు దంపతులు ఉన్నారు. 1999 నుండి ఉచితంగా లభించిన త్వరిత ప్రవేశపు చీటీ పద్ధతి 2021లో ముగిసి, తరువాత దానికీ వెల ఏర్పడింది. రెండు మూడు కుటుంబాలు కలిసి కిసిమీ పట్టణంలో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకొంటాయి. రైస్ కుక్కరు, ఆవకాయ సీసా కారు వెనుక భాగంలో ప్రయాణం చేస్తాయి.

బయటి తినుబండారాలను లోపలికి తీసుకుపోవడం ఇక్కడి పార్కులలో కుదరదు. ఫ్లోరిడాలో కుదురుతుంది, గాజు పాత్రలు, మద్యం ఉండరాదన్నదే నియమం. ఈ సంగతి నమ్మని నాయనమ్మ పులిహోర డబ్బాను చీరకొంగు కింద దాచుకొని తనిఖీ దగ్గరికి నడిచింది. ఉద్యోగి డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ మూసి, చిరునవ్వుతో చేతికిచ్చాడు. మధ్యాహ్నం పిల్లలు గంటన్నర వరుసలో ఉండగా, ఆమె ఒక బల్ల మీద కూర్చొని డబ్బా తెరిచింది. రాత్రి కలిపిన పులిహోర అప్పటికి పులుపు పట్టి మంచి రుచికి వచ్చింది. పక్క బల్ల మీద ఉన్న పరదేశపు ముసలమ్మ కూడా అప్పుడే సంచిలో నుండి ఇంటి రొట్టెముక్కలు తీస్తున్నది.