తప్పు.. తప్పదు

గండికోటలో పెన్నా లోయ అంచుకు పరుగెత్తే పిల్లల్ని పెద్దవాళ్లు వెనక్కి లాగి, ‘అడుగు తప్పితే అంతే’ అంటారు. అందులో నింద లేదు. కాలు పడాల్సిన చోట పడకపోవడమే అక్కడ తప్పడం. గురి తప్పింది, దారి తప్పింది, స్పృహ తప్పింది... వీటిలో నేరస్తుడెక్కడ? జమ్మలమడుగు వైపు రైతు ‘అదను తప్పింది’ అన్నాడంటే వాన రాలేదు, విత్తనం పడలేదు అని. కొత్త కోడలు ‘నెల తప్పింది’ అంటే మాత్రం ఇంట్లో మిఠాయిలు పంచుతారు! గండం తప్పితే గుడికెళ్లి కొబ్బరికాయ కొడతారు. తమిళంలోనూ ఇదే తంతు. పొరపాటుకూ, తప్పించుకోవడానికీ వాళ్లదీ ఇదే మాట.

చిక్కంతా ‘చేశాడు’ అనేది వచ్చి చేరినప్పుడే. తప్పడం దానంతటది జరుగుతుంది, తప్పు చేయడానికి మనిషి కావాలి. ఈ తేడా మనకు బాగా తెలుసు. అందుకే పక్కవాడు తప్పు చేస్తాడు, మన దగ్గర మాత్రం ‘పొరపాటు జరుగుతుంది’. పాత పంచాయితీల్లో ‘తప్పు కట్టడం’ అనేవారు. అక్కడ తప్పంటే జరిమానా. దానికి రూపాయల్లో లెక్క ఉండేది, కట్టేవాడికి పేరూ ఉండేది.

ఈ మాటకే ‘కాదు’ చేర్చి ‘తప్పదు’ అంటే చాలు, మనిషి మళ్లీ మాయం. ‘చేయక తప్పదు’లో కాదనడాలు రెండు. రెండూ కలిసి పక్కకు జరిగే చోటు లేని ఔను అవుతాయి.

కోటకు ఆనుకునే గండికోట జలాశయం ఉంది. పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీటి నిల్వ పెంచుతుంటే కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరులోకి నీళ్లొచ్చాయి. పరిహారం, గడువు తేల్చమని జనం ఆందోళనకు దిగారు. కరువు సీమకు నీళ్లు కావాలి, ఆ మాట ఎవరూ కాదనరు. అయితే ముంపు ఊళ్ల గురించి ఎవరు మాట్లాడినా వచ్చే వాక్యం ఒకటుంది: ‘ఊరు ఖాళీ చేయక తప్పదు’. ఇందులో ఖాళీ చేయించేవాడు కనపడడు. రాని వానకు రైతు వాడుకున్న మాటే ఇది. మబ్బును నిలదీయలేం గనక అక్కడ అది సరిపోయింది. నీటిమట్టం మబ్బులాంటిది కాదు. ఎన్ని టీఎంసీలు నింపాలో, ఏ తేదీకి నింపాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ కాగితం మీద సంతకం ఉంటుంది.

పుట్టిన ఊరి నుంచి సామాను ట్రాక్టర్లకెక్కించుకున్న వాళ్లకు ‘తప్పదు’ అన్న మాట చేరింది. ఆ మాట అన్నదెవరో కూడా వాళ్లకు చెప్పి ఉండాల్సింది.