సగటు చెప్పని లక్ష్మణ్

2012 ఆగస్టులో లక్ష్మణ్ రిటైరైనప్పుడు నేను ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. శలవుకి ఇందుకూరుపేట వచ్చి నాన్నతో వాదన పెట్టుకున్నాను. "134 టెస్టులు, 8,781 పరుగులు, సగటు 45.97. సచిన్, ద్రావిడ్, సెహ్వాగ్ ముగ్గురూ ఇంతకంటే పైనే ఉన్నారు. మనవాడు నాలుగోవాడే నాన్నా" అన్నాను.

నాన్న రొయ్యల గుంటల మనిషి. "గుంటలో ఆక్సిజన్ కూడా రోజు సగటు తీస్తే బాగానే ఉంటాదబ్బయా. తెల్లారుజామున ఎంతుందో చూడకపోతే రొయ్యంతా పైకి తేలతాది" అన్నాడు. పగలు ఎండకి నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి రొయ్యా నాచూ అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. సూర్యోదయానికి ముందు అది అట్టడుక్కి వస్తుంది. ఏరియేటర్ల అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. నాకిదంతా తెలుసు. అయినా నవ్వేసి ఊరుకున్నాను.

ఉద్యోగంలో డేటా పని మీద పడ్డాక, బేస్‌బాల్ వాళ్లు ఈ తగాదా ఎప్పుడో పడ్డారని తెలిసింది. వాళ్ల బ్యాటింగ్ యావరేజ్‌కి సింగిలూ హోమ్ రన్నూ ఒకటే. ఆ లోటు తీర్చే ఓపీఎస్‌ని మైదానానికీ ఆ కాలపు లీగ్‌కీ సరిచేసి, మామూలు ఆటగాడిని 100 దగ్గర నిలబెడితే అది ఓపీఎస్ ప్లస్. కానీ దానికీ వేళతో పనిలేదు. వేళని పట్టించుకునేది విన్ ప్రాబబిలిటీ యాడెడ్. బంతికి ముందు జట్టు గెలిచే అవకాశమెంత, తర్వాత ఎంత, ఆ తేడా బ్యాటర్ ఖాతాలో వేస్తారు. చదవగానే నాన్న గుంట గుర్తొచ్చింది.

లక్ష్మణ్‌కి ఇదే లెక్క కడదామని ఒక షీట్ తెరిచాను. మొదటి దెబ్బ నా అభిమానానికే తగిలింది. 225 ఇన్నింగ్స్‌లో 34 సార్లు నాటౌట్. ఇన్నింగ్స్‌కి పరుగులు చూస్తే 39 మాత్రమే. సరే, జట్టు పరుగుల్లో అతని వాటా చూద్దామనుకున్నాను. 2000 జనవరిలో సిడ్నీలో, జట్టు మొత్తం 261 అయితే లక్ష్మణ్‌వి 167, అంటే 64 శాతం. తర్వాతి పెద్ద స్కోరు 25. ఇంతకంటే ఒంటరి ఇన్నింగ్స్ ఉంటుందా? కానీ మనం ఇన్నింగ్స్ 141 పరుగులతో ఓడిపోయాం. గెలుపు అవకాశాల లెక్కలో దానికి దక్కేది దాదాపు సున్నా.

2010 అక్టోబర్‌లో మొహాలీ దీనికి తలకిందులు. 216 లక్ష్యంలో అతనివి 73 నాటౌట్, మూడో వంతు. కానీ 124కి 8 వికెట్లు పడ్డాక, నడుం నొప్పితో, రన్నర్‌ని పెట్టుకుని, ఇషాంత్ తోడుగా ఆడాడు. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం.

వాటా లెక్క సిడ్నీని మెచ్చుకుంటుంది, గెలుపు లెక్క మొహాలీని. రెండిటికీ నచ్చేది 2001 కోల్‌కతా. 274 వెనకబడి ఫాలోఆన్ ఆడుతూ 281 కొట్టాడు. అప్పటికి టెస్టుల్లో ఫాలోఆన్ ఆడి గెలిచిన సందర్భాలు రెండే, 1894లోనూ 1981లోనూ. అయితే ద్రావిడ్ 180, చివరి ఇన్నింగ్స్‌లో హర్భజన్ ఆరు వికెట్లు లేకపోతే ఆ 281 ఏమయ్యేది? ఆ పంపకం నా షీట్‌లో తెగలేదు.

ఇంకో చిక్కుంది. గుర్తున్న ఇన్నింగ్స్‌లే ఏరుకుంటే ఎవరైనా ఆపద్బాంధవుడే. కీలకమైన వేళ ప్రత్యేకంగా రాణించే గుణం బ్యాటర్లలో ఏటేటా నిలుస్తుందా అని బేస్‌బాల్ వాళ్లు దశాబ్దాలుగా వెతికినా, గట్టి రుజువు పెద్దగా దొరకలేదు. అంటే రేపు ఎవరిని ఆడించాలన్న ప్రశ్నకి సగటు లాంటి లెక్కలే నయం. ఆడేసిన ఆట విలువ ఎంతన్నది వేరే ప్రశ్న. 2012లో నేను మొదటి ప్రశ్న జవాబు పట్టుకొచ్చి రెండో ప్రశ్నకి అతికించాను. నాన్న మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాను. నాన్న ఓపిగ్గా విని, "అయితే ఇప్పుడు ఎన్నోవాడు?" అన్నాడు.

"తేలలేదు నాన్నా."

"తేలినప్పుడు చెప్పు" అని టార్చిలైటు తీసుకుని గుంట కాడికి బయల్దేరాడు. ఈసారి నేనూ చెప్పులేసుకున్నాను.