పుచ్చకాయలో లేని ఉప్పు

ఎండాకాలం జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా మిర్యాలగూడ దాకా రోడ్డు పొడుగునా పుచ్చకాయల కుప్పలే. అదే కాలంలో ఉపాధి హామీ పనికో, మేస్త్రీ పనికో పోయినవాళ్లు పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి ఆస్పత్రికి వస్తుంటారు. అడిగితే, నీళ్లు మస్తు తాగినం, పుచ్చకాయ గూడ తిన్నం అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. గుజ్జులో 92 శాతం దాకా నీరే ఉంటుంది. 100 గ్రాములకు 30 కేలరీలు, సుమారు 110 మిల్లీగ్రాముల పొటాషియం, ఎరుపునిచ్చే లైకోపీన్, కొంత విటమిన్ సి. దాహానికి సీసాలో అమ్మే తీపి నీళ్ల కన్నా ఎంతో మేలు. సోడియం మాత్రం దాదాపు లేదు. కిలో గుజ్జు తిన్నా అందేది 10 మిల్లీగ్రాములే. ఎండలో గడ్డపార పట్టినవాడి ఒంట్లోంచి లీటరు చెమటతో పోయేది, మనిషిని బట్టి మారినా, ఒక గ్రాముకు అటూ ఇటుగా ఉంటుంది. అంటే వంద రెట్లు. ఈ పండుతో మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది ఎక్కువగా ఈ లవణాల లెక్క మీదే ఆధారపడుతుందని నా అభిప్రాయం.

మన పెద్దలు ఇవే పండ్లు తిని ఎండలు తట్టుకోలేదా అని అడిగేవాళ్లున్నారు. తట్టుకున్నారు. కానీ వాళ్ల పొద్దు ఉప్పేసిన తైదంబలితోనో, సల్ల పోసిన జొన్నగట్కతోనో, తొక్కు నంజుకున్న సద్దితోనో మొదలయ్యేది. ఉప్పు అక్కడే అందేది. పొద్దున ఒక్క చాయ్ తాగి పనికి పోయి, మధ్యాహ్నం పండుతో కడుపు నింపుకునేవాళ్లకు అది అందదు. ముక్కల మీద చల్లే చిటికెడు ఉప్పుతో ఆ లోటు తీరదు. ఓఆర్‌ఎస్సో, ఉప్పేసిన సల్లో తాగి, ఆపైన పండు తినాలి. 2015 వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది చనిపోయారు. వడదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతున్న మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, పండు పెట్టొద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

షుగర్ ఉన్నవాళ్లు ముట్టనే కూడదన్న మాటలో సగమే నిజం. ఇందులోని చక్కెర రక్తంలోకి త్వరగానే చేరుతుంది. అయితే 120 గ్రాముల ముక్కల్లో ఉండే పిండిపదార్థం 9 గ్రాములే కాబట్టి, చిన్న గిన్నెడు తింటే భయం లేదు. పంచదార కలిపిన జ్యూస్ వద్దు. కొందరికి ఇందులోని ఫ్రక్టోజ్ అరగక కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. తగ్గించి తింటే సరిపోతుంది. చాలా విరేచనాలకు మాత్రం కారణం పండు కాదు, కోసిన తీరు. పుచ్చకాయలో పులుపు తక్కువ కనుక కోసి ఎండలో పెట్టిన ముక్కల మీద సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి. కాయ కొని, తొక్క కడిగి, ఇంట్లో కోసుకోవడం మంచిది.

నాకు ఎక్కువ దిగులు కిడ్నీ రోగుల గురించే. ఆరోగ్యవంతుడి కిడ్నీలు అదనపు పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలకు ఆ శక్తి ఉండదు. కిలో గుజ్జులో 1,100 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మీదున్న చాలామందికి రోజు మొత్తానికి చెప్పే హద్దు 2,000 దగ్గర్లోనే. పైగా నీటికీ వాళ్లకు కొలత ఉంటుంది. బీపీకి టెల్మిసార్టాన్, గుండె జబ్బుకు స్పైరనోలాక్టోన్ లాంటివి కూడా వాడుతుంటే పొటాషియం ఇంకా నిలిచిపోతుంది. అది హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది, కొన్నిసార్లు ముందస్తు లక్షణమేదీ లేకుండానే. పండే కదా, మందు కాదు కదా అని ఇంట్లోవాళ్లు ప్రేమతో పళ్లెం నింపి పెడతారు. ఆ ప్రేమను కాదనలేక రోగి తింటాడు. అందుకే డైట్ చీటీ రోగి చేతికిచ్చి ఊరుకోకుండా, వంట చేసేవాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. ఎన్ని ముక్కలు పెట్టాలో, అసలు పెట్టొచ్చో లేదో కిందటి రక్తపరీక్షలో వచ్చిన పొటాషియం అంకె చూసి డాక్టరే చెప్పాలి.