అమ్మీ బురఖా, ఆయన కుక్క

ఫజర్ నమాజు కాగానే అమ్మీని పార్కుకు తీసుకెళ్లడం రెండేళ్లుగా నా డ్యూటీ. అమ్మీకి 68 ఏళ్లు. షుగర్, మోకాళ్ల నొప్పులు. రోజూ అరగంట నడవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. గల్లీలో నడుద్దామంటే గుంతలు, బళ్లు. టోలీచౌకి వైపున్న మా కాలనీకి మిగిలిన ఖాళీ జాగా ఆ పార్కు ఒక్కటే.

పోయిన నవంబరులో ఒకరోజు నేను ఫోన్‌లో డెస్కు వాళ్లతో మాట్లాడుతూ నాలుగడుగులు వెనకబడ్డాను. ఎదురుగా ఒకాయన, ముందు పసుపురంగు లాబ్రడార్ కుక్క. గొలుసు కుక్క మెడకు లేదు, ఆయన భుజం మీద వేలాడుతోంది. కుక్క పరుగెత్తుకొచ్చి ముందుకాళ్లు రెండూ అమ్మీ భుజాల మీద పెట్టింది. "యా అల్లా" అంటూ అమ్మీ కూలబడిపోయింది. అది కరవలేదు. తోక ఊపుతూ బురఖా, చేతులు అంతా నాకింది.

"భయపడకండమ్మా, ఏం చెయ్యదు. చాలా ఫ్రెండ్లీ" అన్నాడాయన.

ఏం చెయ్యదట! మనిషి నేల మీద పడి ఉంది. నేను గొంతు పెంచాను. ఆయనా పెంచాడు. చివరికి ఒక మాట జారాడు: "మీవాళ్లకి కుక్కలంటే పడదులెండి."

కుక్క నాకిన మరక కడిగితే పోతుంది. 'మీవాళ్లు' అన్న మాటని ఏ నీళ్లతో కడగాలో నాకు ఇప్పటికీ తెలీదు.

అమ్మీ ముంజేతి మీద గోరు గీరుకుని నెత్తురు చిమ్మింది. ఇంటికి రాగానే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధార కింద కడిగాం. డాక్టరు అడిగిన మొదటి మాట, ఆ కుక్కకి రేబిస్ టీకా వేయించారా అని. ఆయన్ని అడిగితే వేయించే ఉంటాం అన్నాడు. కార్డు మాత్రం దొరకలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు ఉండదు కాబట్టి డాక్టరు రిస్కు తీసుకోలేదు. ఆ రోజు ఒకటి, తర్వాత 3, 7, 14, 28 రోజులకి, మొత్తం ఐదు సూదులు. ఒక కార్డు జాగ్రత్తగా దాచుకోనందుకు ఇంకొకరి ఒంటికి పడిన జుర్మానా అది.

సూదుల కంటే అమ్మీని ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. హనఫీ ఫిఖ్ ప్రకారం కుక్క ఒళ్లు నాపాక్ కాదు, దాని చొంగ నాపాక్. షాఫయీ వాళ్ల దగ్గర ఇంకా సఖ్తీ. కుక్క మూతిపెట్టిన గిన్నెని ఏడుసార్లు కడగాలని హదీసులో ఉంది. అమ్మీ ఆ లెక్కని బురఖాకి పట్టించి, చలిలో, వాచిన చేత్తో ఏడుసార్లు జాడించింది. మరుసటి రోజు నుంచి పార్కు మానేసింది. "రోజూ గిట్లయితే నా నమాజు సంగతేంది బేటా" అంది. నడక బాల్కనీకి చేరింది, ఎనిమిది అడుగులు ఇటు, ఎనిమిది అడుగులు అటు. మూడు నెలల తర్వాత షుగర్ రిపోర్టు చూసి డాక్టరు నన్నే కోప్పడ్డాడు.

నాకు తెలిసిన ఆయుధం కలమే కదా. 'పార్కులోకి కుక్కలకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టాలంటూ ఘాటుగా అర్జీ రాశాను. జుమా తర్వాత మస్జిద్ బయట నిలబడితే చకచకా సంతకాలు పడ్డాయి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేసిన సంగతి ఎవరూ మర్చిపోలేదు మరి.

సాయంత్రం ఆ అర్జీ అమ్మీకి చదివి వినిపించాను. అమ్మీకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అంతా విని, తస్బీ పక్కన పెట్టి అంది: "అస్హాబె కహఫ్ ఎంబడి పోయిన కుత్తాకి గుహ కాడ జాగా దొరికింది. నువ్వు పార్కుల జాగా లేదంటవా? కుత్తాకా క్యా ఖుసూర్ రే? నోరున్నోనికి చెప్పు."

నాకు ఐదో తరగతి గుర్తొచ్చింది. మా ఉర్దూ మీడియం స్కూలు వెనక ఒక కుక్కని పిల్లలం రాళ్లతో కొట్టాం. నాపాక్ జానవర్ కదా, సవాబే అనుకున్నాం. ఉస్తాద్ మమ్మల్ని ఎండలో నిలబెట్టి, దాహంతో నాలుక చాచిన కుక్కకి బావిలోంచి నీళ్లు తోడి పోసినందుకు మగ్ఫిరత్ దొరికిన మనిషి కథ చెప్పారు. తర్వాత మాతోనే దానికి నీళ్లు పెట్టించారు.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఇంకో తమాషా. కుక్క విశ్వాసం గల జంతువు అన్నారు లెక్చరరు గారు. నాకు విశ్వాసం అంటే అప్పటిదాకా ఈమాన్ ఒక్కటే. కుక్కకి ఈమాన్ ఏంటి అని బిత్తరపోయాను. ఇక్కడ విశ్వాసం అంటే వఫాదారీ అని అర్థమవడానికి వారం పట్టింది. రెంటికీ ఒకటే మాట పెట్టుకున్న తెలుగు మీద ఆ రోజు ముహబ్బత్ పెరిగింది.

అర్జీ చింపేసి కొత్తది రాశాను. కుక్క రావచ్చు. గొలుసు మాత్రం దాని మెడకు ఉండాలి, రెండో కొస మాలిక్ చేతిలో ఉండాలి. పిల్లలు ఆడే మట్టిలోకి తీసుకురాకూడదు, ఎందుకంటే కుక్క మలంలోని పురుగుల గుడ్లు ఆ మట్టిలోంచే పిల్లల కడుపులోకి పోతాయి. కుక్క దొడ్డికి పోతే మాలికే సంచిలో ఎత్తాలి. టీకా కార్డు నకలు వాచ్‌మన్ దగ్గర ఉండాలి. జంతువుని అదుపులో పెట్టుకోకుండా మనిషికి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల జైలో, 5,000 రూపాయల దాకా జుర్మానానో, రెండూనో పడొచ్చని చివర్లో రాశాను. వీధికుక్కకి మాలిక్ లేడు, దీనికి ఉన్నాడు. జిమ్మేదారీ ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

కాగితం తీసుకుని ముందు ఆయన దగ్గరికే వెళ్లాను. బెంచీ మీద కూర్చుని చదివాడు. "నాకితే కడుక్కుంటే సరిపోదా భాయ్?" అని అడిగాడు. ఈసారి వెటకారం లేదు. మోకాళ్లు వంగని మనిషి చలిలో బట్టలు మార్చుకుని, ఒళ్లు కడుక్కుని మళ్లీ నమాజుకి తయారవడం ఎంత తకలీఫో చెప్పాను. ఇది నఫ్రత్ కాదు సార్, తహారత్ అన్నాను. కాసేపు ఊరుకుని "నాకెవరూ ఇలా చెప్పలేదు" అన్నాడు. నిజమే, ఆ రోజు నేను అరిచానే గానీ చెప్పలేదు. ఆయన సంతకం పెట్టాడు. 'మీవాళ్లు' అన్నందుకు మాఫీ మాత్రం అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక మన ఇళ్ల సంగతి. కాపలాకి కుక్కని పెంచుకునే వాళ్లు మనలోనూ ఉన్నారు. కాపలాకి, వేటకి, మందకి ఇజాజత్ ఉందని ఆలిములు చెప్తారు. అలాంటప్పుడు గొలుసు, టీకా, సంచి మనకీ వర్తిస్తాయి. తోవలోంచి తకలీఫ్ ఇచ్చేదాన్ని తీసెయ్యడం సద్ఖా అని పిల్లలకి ముళ్లూ రాళ్లే చూపిస్తాం. కుక్క పెంటా అందులోకే వస్తుంది. నాపాక్ పేరు చెప్పి కుక్కని రాయితో కొట్టే పిల్లాణ్ణి చూసి నవ్వి ఊరుకుంటే, ఆ గునాలో మనకీ హిస్సా ఉంటుంది.

బోర్డు పెట్టి నెలన్నరైంది. అందరూ పాటించడం లేదు. మొన్న కూడా ఒకాయన మలం వదిలేసి వెళ్లిపోతుంటే వాచ్‌మన్ వెనక్కి పిలిచాడు. అమ్మీ మాత్రం మళ్లీ వస్తోంది, ఒక చెయ్యి నా చేతిలో పెట్టి. లాబ్రడార్ కనిపించగానే ఆ చెయ్యి ఇప్పటికీ బిగుసుకుంటుంది. ఆయన దూరం నుంచే గొలుసుని చేతికి రెండు చుట్లు చుట్టి, గడ్డి మీదకి తప్పుకుంటాడు. మేం దాటేదాకా అక్కడే నిలబడతాడు.

నిన్న దాటాక అమ్మీ వెనక్కి తిరిగి చూసింది. "పాపం, ఎండాకాలం గదా. నల్లా కాడ దానికో గిన్నె పెట్టమను" అంది.